సిజేరియన్ కోతకు ముందు ఏది పూస్తే మేలు: క్లోర్‌హెక్సిడిన్ స్పిరిటా, బెటాడినా?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. అంటే కోత దగ్గర చీము పట్టే ముప్పు ఏ కాస్త తగ్గినా వేలమంది బాలింతలకు మేలు.

కోతకు ముందు చర్మం మీది క్రిములను చంపడానికి మన ఆపరేషన్ థియేటర్లలో బాగా అలవాటైనది బెటాడిన్, అంటే నీళ్లలో కలిసిన 10 శాతం పోవిడోన్ అయోడిన్. దానికి పోటీ క్లోర్‌హెక్సిడిన్ స్పిరిట్, అంటే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కలిపిన 2 శాతం క్లోర్‌హెక్సిడిన్.

2016లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో 1,147 మంది తల్లులను పోల్చారు. ఇన్ఫెక్షన్ క్లోర్‌హెక్సిడిన్ పూసినవాళ్లలో 4 శాతానికి, అయోడిన్ పూసినవాళ్లలో 7.3 శాతానికి వచ్చింది. అక్కడ అయోడిన్‌లోనూ ఆల్కహాల్ ఉంది కాబట్టి ఈ తేడా ఆల్కహాల్ వల్ల వచ్చిందనలేం. మరుసటి ఏడాది ఇంకో పరిశోధనలో మాత్రం, మామూలు బెటాడిన్‌తో పోల్చినా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయినా చర్మానికి మా ఓటు క్లోర్‌హెక్సిడిన్ స్పిరిట్‌కే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసూ అదే. రక్తం తగిలితే అయోడిన్ బలం తగ్గిపోతుంది. క్లోర్‌హెక్సిడిన్ చర్మాన్ని పట్టుకుని గంటల తరబడి పనిచేస్తుంది.

అసలు తప్పులు జరిగేది ఈ స్పిరిట్ పూయడంలో. పొడి చర్మం మీద 30 సెకన్లు ముందుకూ వెనక్కూ రుద్దాలి. పొట్ట మడత కింద, గజ్జల్లో చెమ్మ ఉంటుంది, అక్కడ 2 నిమిషాలు రుద్దాలి. తర్వాత కనీసం 3 నిమిషాలు దానంతటదే ఆరనివ్వాలి, గుడ్డతో అద్దకూడదు. వెంట్రుకల్లో తడి గంట దాకా ఆరకపోవచ్చు. అవి అడ్డొస్తే క్లిప్పర్‌తో కత్తిరించాలి, రేజర్ వద్దు: దాని సన్నగాట్లలోనే క్రిములు చేరతాయి. నడుము కింద మందు మడుగు కట్టినా, దుప్పటి తడిసినా కాటరీ (కరెంటు వేడితో కోసే, రక్తం ఆపే పరికరం) నిప్పురవ్వకు భగ్గుమంటుంది. తడిసిన గుడ్డలు తీసేశాకే డ్రేప్ (ఆపరేషన్‌కు కప్పే శుభ్రమైన గుడ్డ) వేయాలి.

బిడ్డ గుండె కొట్టుకోవడం పడిపోయి ఆ 3 నిమిషాలూ ఆగలేని పరిస్థితిలో, కాటరీ వాడేటట్లయితే, నీళ్ల బెటాడినే భద్రం. యోనిని శుభ్రం చేయడానికీ అదే. స్పిరిట్ కలిసినది అక్కడ పనికిరాదు, మంటపెట్టి పొరను దెబ్బతీస్తుంది. వెన్నుకు మత్తు సూది వేసేటప్పుడు క్లోర్‌హెక్సిడిన్ పూర్తిగా ఆరాకే గుచ్చాలి. ఆ ద్రవం నరాలకు హాని చేస్తుంది. ఏ మందుకు ఎలర్జీ ఉందో ముందే అడగాలి, క్లోర్‌హెక్సిడిన్‌కు అరుదుగా ప్రాణాంతకమైన రియాక్షన్ వస్తుంది.

ఏది పూసినా, కోతకు ముందు గంటలోపు ఇచ్చే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ మానకూడదు.