మారిషస్ వలసపై థీసిస్: పాత ఫొటోలా, నేటి కళాకారులా?

ఒప్పంద కూలీలుగా సముద్రం దాటినవాళ్లు బొమ్మల్లో ఎలా కనిపిస్తారన్నది మీ అంశమైతే, ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

ఆధారం: మారిషస్‌లో, మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలస రికార్డులు, 19వ శతాబ్దపు ఫొటోలు ఉన్నాయి. రెండో దారిలో, ఒప్పంద కూలీలు వెళ్లిన మరో దేశం గయానాలో పుట్టిన సుచిత్ర మట్టై లాంటి కళాకారులు. పాత చీరలు అల్లి ఆమె గోడంత పనులు చేస్తారు.

ఖర్చు: ఆర్కైవ్‌కి విమానం టికెట్, బస, అనుమతులు. కళాకారులతో వీడియో కాల్‌లో మొదలుపెట్టొచ్చు. కాకపోతే చీర అల్లిక తెర మీద తెలీదు, ఎదురుగా నిలబడి చూడాల్సిందే.

రిస్క్: నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది ఇది. మారిషస్ 1867 చట్టంతో 'పాత కూలీలు', అంటే ఒప్పందం గడువు ముగిసినవాళ్లు, ఫొటో అంటించిన టికెట్ వెంట ఉంచుకోవాల్సి వచ్చింది. అంటే అది నిఘా కోసం తీసిన ముఖం. బిగుసుకుపోయిన ఆ చూపునే 'తెలుగు కూలీ రూపం' అని రాసేస్తే, ఆనాటి గుమాస్తా చేసిన పనే మనమూ చేసినట్టు. ఫొటో పక్కన ఆ మనిషి రికార్డు కూడా పెట్టి చదవాలి. కళాకారుల విషయంలో, వాళ్ల మాటలే మన విశ్లేషణ అయిపోయే ప్రమాదముంది.

ఎవరికి ఏది: పాత చేతిరాతతో కుస్తీ పట్టే ఓపిక ఉండి, కోరంగి రేవు నుంచి వెళ్లినవాళ్ల జాడ కావాలంటే ఆర్కైవ్. ఏడాదిలో ఎం.ఏ. ముగించాలంటే కళాకారులు.