కౌన్సెలింగ్ మంచిదే, గుమ్మం దగ్గర రిజిస్టర్‌తోనే నా గొడవ

మా కాలేజీలో మనసు బాగోలేనప్పుడు వెళ్లి మాట్లాడుకునే కౌన్సెలింగ్ గది బయట బల్ల మీద ఒక రిజిస్టర్ ఉంటుంది. నీలం అట్ట, పురికొసతో కట్టిన పెన్ను. పేరు, రోల్ నంబరు, వచ్చిన టైము, ఆ పక్కన ‘కారణం’ అని ఒక గడి. నా కోపమంతా ఆ గడి మీదే. కౌన్సెలింగ్‌కి వెళ్లాలా వద్దా అన్నది అందరూ చెప్తూనే ఉన్నారు, రెండేళ్లు వెళ్లాక నేను చెప్పాలనుకున్నది ఒక్కటే, అక్కడ చెప్పుకున్న మాట ఎక్కడిదాకా పోతుంది అన్నది.

మాది టెక్కలి వైపు పల్లె. చదువు విజయనగరం దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో, ఉండేది హాస్టల్లో. రెండో ఏడాది మూడు సబ్జెక్టులు పోయాక నిద్ర కూడా పోయింది, తెల్లారగట్ల మూడింటికే మెలకువ వచ్చేసి గుండె దడదడలాడేది. అలా ఉన్నప్పుడు వెళ్లాను కౌన్సెలింగ్ మేడమ్ దగ్గరికి. మొదటిరోజే ఒక తెల్లకాగితం ఇచ్చి, బుర్రలో తిరుగుతున్నవన్నీ రాయమన్నారు. రాశాక “వీటిలో ఈ వారం నీ చేతిలో ఉన్నవి ఏవమ్మా?” అని అడిగి వాటి కింద గీత గీయించారు. పదకొండు రాస్తే రెండే తేలాయి. ఆ రాత్రి మెస్‌లో చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను. జూనియర్లందరికీ వెళ్లండి వెళ్లండి అని నేనే చెప్పాను.

ఆరోసారో ఏమో, ఎప్పుడూ ‘చదువు’ అని రాసే గడిలో ఆ రోజెందుకో నిజమే రాయాలనిపించి ‘నిద్ర లేదు, భయం’ అని రాశాను. నా కింద సంతకం పెట్టింది మా సెక్షన్ అమ్మాయే. సాయంత్రానికల్లా ఆ మాట మా బెంచీ దాకా వచ్చేసింది. అంతవరకైతే ఓర్చుకునేదాన్ని. మూడో రోజు నాన్న ఫోన్. డిపార్ట్‌మెంట్ నుంచి ఎవరో సార్ మాట్లాడారట, మీ అమ్మాయిని కాస్త కనిపెట్టుకుని ఉండండి అని. “ఏటమ్మా, నీకేటైనాది, మాకెందుకు చెప్పలేదు?” అని నాన్న అడుగుతుంటే వెనకాల అమ్మ ఏడుపు వినపడుతోంది.

ఆదివారం అరసవల్లి తీసుకెళ్లారు. దర్శనం అయ్యాక పుష్కరిణి మెట్ల మీద అమ్మ పక్కన కూర్చుంటే నాకూ కొంచెం తేలికైంది, కాదనను. కానీ తిరుగు బస్సులో అమ్మ గొంతు తగ్గించి “రేపు సంబంధాలొచ్చినప్పుడు ఈ మాట బయట పడకూడదే” అంది. అమ్మకి ఎప్పుడు చెప్పాలో, ఎలా చెప్పాలో నేను చూసుకోవలసిన విషయం అది.

మేడమ్‌ని అడిగాను. నేను చెప్పలేదమ్మా అన్నారు, నమ్మాను. ఎంతమంది వచ్చారో లెక్క చూపించాలని ఆ రిజిస్టర్ వారం వారం ఆఫీసుకి వెళ్తుందట. మానసిక సమస్యకి చికిత్స తీసుకునేవాళ్ల వివరాలు గుట్టుగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెప్తోంది, ప్రాణాపాయం లాంటి కొన్నిటికే మినహాయింపు. లెక్క కావాలంటే తలలు లెక్కపెట్టుకోవచ్చు కదా, కారణం ఎందుకు?

తర్వాత నాలుగు నెలలు ఆ గుమ్మం తొక్కలేదు. విశాఖలో నీట్ కోచింగ్‌లో ఉన్న అమ్మాయి చనిపోయిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు తీర్పొచ్చింది కదా, వంద మంది, అంతకు పైన విద్యార్థులున్న విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలని, హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో కనపడేలా పెట్టాలని. ఆ తర్వాతే మా మెస్‌లో చేతులు కడుక్కునే చోట 14416 అని కాగితం అంటించారు. టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, డబ్బులు అక్కర్లేదు. ఒకరోజు రాత్రి ఒంటిగంటకి మేడ మీద వాటర్ ట్యాంకు వెనక కూర్చుని చేశాను. తెలుగులోనే మాట్లాడారు. మొదట అడిగింది నా సమస్య కాదు, “ఇప్పుడు మీరున్న చోట మాట్లాడుకోవడానికి వీలుగా ఉందా అమ్మా?” అని. అప్పటిదాకా నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు. కాసేపు ఏడుపే వచ్చింది, ఆవిడ తొందరపెట్టలేదు. నిద్ర ఇంకా కుదుటపడకపోతే డాక్టర్‌కి చూపించుకోమన్నారు. ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళ్లాను, మందులు కొన్నాళ్లు వాడాను, ఇప్పుడు ఐదింటిదాకా పడుకుంటున్నాను.

అయితే ఫోన్ ఒక్కటే చాలని చెప్పలేను. నాకంటూ ఫోనుంది, మేడ ఉంది. సెలవుల్లో ఇంటికెళ్తే రెండు గదుల్లో ఐదుగురం, అక్కడ్నుంచి ఒక్కసారి కూడా చేయలేకపోయాను. పైగా నా కాగితం, నా గీతలు, పోయిన వారం ఏం చెప్పానో ఎదురుగా కూర్చుని గుర్తుచేసే మనిషి, అది ఫోన్‌లో రాదు. అందుకే మళ్లీ మేడమ్ దగ్గరికే వెళ్తున్నాను. మీ ఇంట్లో అర్థం చేసుకునేవాళ్లుంటే మీకు ఈ భయం అసలు ఉండకపోవచ్చు. లేకపోతే మాత్రం మొదటిరోజే, మాట మొదలెట్టకముందే, నేను చెప్పింది ఎవరెవరికి తెలుస్తుంది అని అడిగేయండి. తప్పేం కాదు, నేను అడగకపోవడమే తప్పయింది.

గడి తీసేయమని మేడమ్ కూడా రాసి పంపారు. ఇంకా తీయలేదు. పోయిన మంగళవారం వెళ్లినప్పుడు కూడా అందులో ‘ప్రాజెక్ట్ డౌట్’ అనే రాశాను.