పన్ను పీకించాలా, రూట్ కెనాలా, వేర్లలో నరం కాపాడాలా: ఏది మేలు?

పోయిన ఎండాకాలం మా పాప ఐస్‌క్రీం తింటూ చెంప పట్టుకుని ఏడ్చింది. ఎనిమిదేళ్ల పిల్ల. నోరు తెరిపించి చూస్తే కింది దవడ పన్నులో నల్లటి గుంట. మాది దేవరకొండ దిక్కు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లం, పళ్ల మీద గోధుమ రంగు మరకలు మాకు కొత్త కాదు. ఆ నలుపు కూడా మరకే అనుకుని ఏడాది పాటు పట్టించుకోలేదు. పుప్పి పట్టిందన్న అనుమానమే రాలేదు.

“పాలపన్నే గద బిడ్డా, పీకిస్తె అయిపాయె, ఇంకోటి మొలుస్తది” అన్నది మా అత్తమ్మ. నేనూ అట్లనే అనుకున్నాను. కానీ అది పాలపన్ను కాదు. ఆరేళ్లప్పుడు పాలపళ్ల వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే వచ్చే దవడ పన్ను అది. పోతే మళ్లీ రాదు. పిల్లలున్న ప్రతి ఇంట్లో ఈ ఒక్క సంగతి తెలిసి ఉండాలి.

పీకించుకోవడం గురించి నాకు బాగా తెలుసు. ఇరవై రెండేళ్లప్పుడు నా దవడ పన్ను ఒకటి పీకించుకున్నాను. పది నిమిషాల పని, ఖర్చు తక్కువ, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. ఆ తర్వాత వెనక పన్ను ఖాళీలోకి ఒరిగింది, పై పన్ను కిందికి దిగింది. ఇప్పటికీ జొన్నరొట్టె ఒక పక్కనే నములుతాను. పన్ను పూర్తిగా విరిగి, నిలబెట్టడానికి ఏమీ మిగలకపోతే తప్ప పీకించుకోవద్దు అంటాను.

రూట్ కెనాల్ అంటే పన్ను లోపలున్న నరాన్ని, రక్తనాళాలతో సహా వేరు కొస దాకా తీసేసి, శుభ్రం చేసి, ఆ దారుల్ని నింపేయడం. బాగా చేస్తే పన్ను ఏళ్ల తరబడి నిలుస్తుంది. లోపల నరం చచ్చిపోయి చీము పట్టినా, చిగురు మీద పొక్కు లేచినా, పన్ను దక్కాలంటే మామూలుగా ఇదే దారి. కాకపోతే చాలాసార్లు రెండు మూడు సిట్టింగులు, ఆ పైన క్యాప్. నల్గొండకు బస్సులో పోయిరావడం, ఆ రోజు కూలి పోవడం కూడా లెక్కలోకి వస్తాయి. మా పాపకైతే ఇంకో ఇబ్బంది ఉంది. ఆ పన్ను వేరు కొస తొమ్మిది, పదేళ్ల దాకా మూసుకోదు. ఇప్పుడే నరమంతా తీసేస్తే వేరు గోడలు పలచగానే ఉండిపోతాయి.

అందుకే డాక్టర్ పల్పోటమీ చేద్దామన్నారు. వాపు ముందు పన్ను పైభాగంలోని నరానికే వస్తుంది, వేర్లలోది ఇంకా బాగుండొచ్చు. చెడ్డదాన్ని తీసేసి బాగున్నదాన్ని బతకనివ్వడమే ఈ పద్ధతి. ముందు ఎక్స్‌రేలో వేరు కొస దగ్గర నల్లటి నీడ లేదని చూశారు. మత్తు సూది ఇచ్చి, పన్ను చుట్టూ ఉమ్మి తగలకుండా రబ్బరు షీటు బిగించారు. పుప్పి అంతా తీశాక లోపల ఎర్రగా రక్తం కనబడింది. “రక్తం రావడం మంచిదేనమ్మా, నరం బతికుందన్నట్టు” అన్నారు. మందులో తడిపిన దూది ఉండ అద్ది గడియారం చూశారు. కొన్ని నిమిషాల్లో ఆగితే కింది నరం బాగున్నట్టు, ఆగకుండా కారుతుంటే వాపు కిందికీ పాకినట్టు. పాప చెయ్యి పట్టుకుని నేనూ ఆ ముల్లే చూస్తూ కూర్చున్నాను, ఒకటే టెన్షన్. దూది తీస్తే ఆగింది. తడి ఇసుకలా ఉన్న సిమెంట్ పెట్టి, పైన గట్టిగా మూసేశారు. ఆ సిమెంట్ పేరు ఎంటీఏ. 1990ల్లో అమెరికాలోని లోమా లిండా యూనివర్సిటీలో తయారైంది. అది వచ్చాకే ఈ పద్ధతికి నమ్మకం పెరిగింది.

ఇది పిల్లలకే అనుకోవద్దు. రాత్రిపూట దానంతటదే సలుపు లేస్తే పెద్దలకు రూట్ కెనాల్ ఒక్కటే గతి అనేవారు. నొప్పి అలా ఉన్నా వేర్లలోని నరాన్ని కాపాడే వీలుందని 2021లో అమెరికా ఎండోడాంటిస్టుల (రూట్ కెనాల్ నిపుణుల) సంఘం కూడా చెప్పింది. ఒకవేళ ఫలించకపోయినా రూట్ కెనాల్ దారి ఉండనే ఉంటుంది. పీకేసిన పన్నుకు ఏ దారీ లేదు. నరం బతికున్నంత వరకు నా ఓటు పల్పోటమీకే.

మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొనుక్కుని రోజులు గడిపేవాళ్లను చూస్తే బాధేస్తుంది. నరం వాచిన నొప్పికి, ముఖం వాపు, జ్వరం లేనప్పుడు, ఆ గోలీలు పనిచేయవు. లవంగం నూనె కాసేపు మొద్దుబారుస్తుంది, అంతే. వారం సలిపి నొప్పి దానంతటదే పోతే తగ్గిందనుకుంటాం. చాలాసార్లు నరం చచ్చిపోయి ఉంటుంది, దాంతో పల్పోటమీ అవకాశమూ పోతుంది. చల్లనిది తగిలి జివ్వున లాగి వెంటనే తగ్గే రోజుల్లోనే డాక్టర్ దగ్గరికి పోతే, పుప్పి తీసి ఒట్టి సిమెంట్ నింపితే సరిపోవచ్చు.

మొన్న, ఏడాది నిండాక, మళ్లీ ఎక్స్‌రే తీయించాం. పాతదాన్ని పక్కన పెట్టి చూపించారు. అప్పుడు గరాటు మూతిలా తెరుచుకుని ఉన్న వేరు కొస ఇప్పుడు సన్నగా మూసుకుంటోంది. మళ్లీ ఏడాదికి రమ్మన్నారు.