బౌద్ధం పాఠం: బట్టీ పట్టాలా, అర్థంతో అల్లుకోవాలా?

పరీక్ష దగ్గరపడే కొద్దీ పిల్లలు అడిగే ప్రశ్న ఇది: బుద్ధుడు చెప్పిన నాలుగు ఆర్యసత్యాలు, దుఃఖం నుంచి బయటపడే అష్టాంగ మార్గం వరుసగా వల్లె వేయాలా, ఒకదానికొకటి ముడివేసుకుంటూ నేర్చుకోవాలా?

సమయం: బట్టీకి ఒక సాయంత్రం చాలు. అల్లికకు మూడు నాలుగు రోజులు కావాలి.

శ్రమ: బట్టీలో అష్టాంగ మార్గంలోని ఎనిమిది మాటలనూ విడివిడిగా మోయాలి. అల్లికలో గుంపులు మూడే. సమ్యక్ దృష్టి, సంకల్పం ప్రజ్ఞ కిందికి వస్తాయి. వాక్కు, కర్మ, జీవనం శీలం కిందికి. వ్యాయామం (అంటే ప్రయత్నం), స్మృతి (ఎరుక), సమాధి (ఏకాగ్రత) మూడూ సమాధి అనే పేరున్న గుంపు కిందికే. ఆర్యసత్యాలు వైద్యుడి పద్ధతిలో సాగుతాయి: దుఃఖం రోగం, తృష్ణ దాని కారణం, నిరోధం (దుఃఖం ఆగిపోవడం) స్వస్థత, మార్గం చికిత్స. ఇది మనసుకెక్కితే వరుస తప్పదు. అమరావతి శిల్పాలు చూసిన పిల్లలకు బుద్ధుడి జీవితమూ తేలికే: బోధివృక్షం జ్ఞానోదయానికి, చక్రం తొలి ఉపదేశానికి, స్తూపం మహాపరినిర్వాణానికి, అంటే బుద్ధుడి మరణానికి గుర్తు. ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే.

ప్రమాదం: బట్టీలో ఒక మాట మరిచిపోతే తరువాతివన్నీ చెదురుతాయి. అల్లికలో సొంత మాటలు ఎక్కువై అసలు పేర్లు జారిపోవచ్చు.

రేపే పరీక్ష, అందులో ఖాళీలు, ఒక మార్కు ప్రశ్నలే ఎక్కువ అంటే బట్టీయే నయం. వారం గడువుండి, పంచశీల (బౌద్ధంలోని ఐదు నడవడి నియమాలు) నేటి జీవితానికి ఎలా పనికొస్తుందో వివరించమనే ప్రశ్నలు వస్తాయంటే అల్లికనే పట్టండి; చివరి రోజు మాత్రం పేర్లన్నీ చూడకుండా రాసి సరిచూసుకోండి.