హమ్మింగ్‌బర్డ్ రావాలంటే ఏ తీగ మేలు: ట్రంపెట్ వైనా, కోరల్ హనీసకిలా, మన కాశీరత్నమా?

అమెరికాలోని నార్త్ కరోలినాలో ఇల్లు కొన్న మొదటి వేసవిలో, వెనక ఫెన్స్ మీద నారింజ రంగు పూలు గుత్తులుగా వేలాడుతుంటే నాటకుండానే మంచి తీగ దొరికిందని తెగ సంబరపడ్డాను. అది ట్రంపెట్ వైన్. ఆకు చూసి గుర్తుపట్టొచ్చు: వేపరెబ్బలా ఒకే కాడకి రెండు వైపులా రంపపు అంచు ఆకులు, కొసన ఒకటి, పువ్వేమో మూడంగుళాల బూర. పూలతేనె తాగే బుల్లి పిట్టలు హమ్మింగ్‌బర్డ్స్‌కి ఆ పూలంటే ప్రాణం, అది కాదనను. కానీ మరుసటేడు లాన్ మధ్యలో పిలకలు లేచాయి, ఆ పై ఏడాది డెక్ పలకల సందులోంచి ఒకటి తల బయటపెట్టింది, మొదలు నరికితే చుట్టూ వేళ్ల నుంచి ఇంకో నాలుగు! కాండానికే వేళ్లు పుట్టి చెక్కనీ ఇటుకనీ పట్టుకుని ముప్పై అడుగులు పాకుతుంది. రసం తగిలితే కొందరికి దద్దుర్లు వస్తాయి, గ్లౌజులు లేకుండా ముట్టుకోకండి. ఎకరం స్థలం ఉంటే ఇంటికి దూరంగా వేసుకోండి, పక్కింటితో గోడ కలిసిన టౌన్‌హోమ్ వాళ్లు మాత్రం వద్దంటే వద్దు.

నా ఓటు కోరల్ హనీసకిల్‌కే. అయితే హనీసకిల్ అని ఎవరైనా కొమ్మ ఇస్తే ముందు పరీక్షగా చూడండి. తెల్లగా పూసి పసుపుకి తిరిగి ఘుమఘుమలాడితే అది జపాన్ హనీసకిల్, ఇక్కడి అడవుల్ని కమ్మేస్తున్న కలుపు. మనకి కావలసిన పువ్వు సన్నటి ఎర్ర గొట్టం, లోపల పసుపు, వాసన ఉండదు. పూగుత్తి కింది జంట ఆకులు ఒకదానికొకటి అతుక్కుపోయి చిన్న దొప్పలా ఉంటాయి, కాడ ఆ దొప్ప మధ్యలోంచి దూసుకొచ్చినట్టు కనిపిస్తుంది. వసంతంలో, మూడు గ్రాముల ఆ పిట్టలు మెక్సికో, మధ్య అమెరికాల నుంచి, చాలావరకు గల్ఫ్ ఆఫ్ మెక్సికో సముద్రాన్ని ఆగకుండా దాటి వచ్చే వేళకి ఇది పూతకొస్తుంది. ఎండ బాగా తగలాలి. మా ఎర్రమట్టిలో కంపోస్ట్ కలిపి వేశాను, మొదటి వేసవంతా నీళ్లు మానలేదు. గోడ పట్టుకోదు, చుట్టుకోవడానికి ఇనుప తీగో, ట్రెల్లిసో (తీగలు పాకే జాలీ చట్రం) ఇవ్వాలి. కత్తిరింపు పూత అయ్యాకే, చలికాలంలో కోస్తే ఆ వసంతం పూలు పోయినట్టే. లేత చివుళ్లకి పేనుబంక పడితే పైపు నీళ్లతో గట్టిగా కొట్టండి, మందు మాత్రం కొట్టొద్దు, ఈ పిట్టలు పిల్లలకి పెట్టేది ఎక్కువగా చిన్న పురుగుల్నే.

ఇక కాశీరత్నం. మన ఊళ్లలో గేటు మీద పాకించుకుని తేనెపిట్టల్ని చూసే ఈ తీగ పుట్టిల్లు మెక్సికో వైపే, అందుకే ఆ ఎర్ర నక్షత్రాల్ని హమ్మింగ్‌బర్డ్ వెంటనే కనిపెడుతుంది. గింజలు ఇండియా నుంచి బ్యాగులో తేవద్దు, ఇక్కడే సైప్రస్ వైన్ పేరుతో దొరుకుతాయి. రాత్రంతా నానబెట్టి, మంచు కురిసే రోజులు పూర్తిగా పోయాక నాటితే నడివేసవి నుంచి పూస్తుంది, మళ్లీ మంచు పడగానే చచ్చిపోతుంది. గింజలు రాలి మరుసటేడు గుంపులుగా మొలుస్తుంది కాబట్టి కుండీలో పెట్టి, మొలకల్ని ఎప్పటికప్పుడు పీకేయాలి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకి ఇదే సరి.

స్థలం ఉంటే హనీసకిల్ నేలలో, కాశీరత్నం కుండీలో, రెండూ వేయండి. సెప్టెంబర్‌లో హనీసకిల్ పూత పలచబడ్డాక, తిరుగు ప్రయాణంలో ఉన్న పిట్టలు మా కుండీ దగ్గరే ఆగుతాయి. నూలుపోగుల్లాంటి ఆ ఆకుల ముందు గాల్లో నిలబడి, ఒక్కో పువ్వులో ముక్కు పెట్టి తీస్తుంటే రెక్కలు కంటికి ఆనవు. అప్పుడు వచ్చేవాటిలో ఎక్కువ వాటికి గొంతు తెల్లగా ఉంటుంది, అవి ఆడవో ఆ ఏటి పిల్లలో. గొంతు ఎర్రగా మెరిసే మగవి చాలావరకు అప్పటికే వెళ్లిపోయి ఉంటాయి.