‘గది ఉష్ణోగ్రత’ ఎవరి గదిది? నీటి పరీక్ష సీసాతో నాలుగేళ్ళు

నీళ్ళలో మలసంబంధమైన సూక్ష్మజీవులు ఉంటే నల్లబడే హెచ్‌2ఎస్ సీసాను మా వైపు అందరూ నల్లసీసా అంటారు. దాన్ని చూడని పంచాయతీ ఇప్పుడు దాదాపుగా లేదు కాబట్టి, ఎంతవరకు నీళ్ళు పోయాలి, ఎలా మూత బిగించాలి అన్న సంగతులు ఇక్కడ రాయను. జల జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకు నీటి పరీక్ష నేర్పించినప్పుడు మా ఊరి ఐదుగురిలో నేనూ ఉన్నాను. 2021 నుంచి ఇప్పటిదాకా ఈ సీసాలను మా ఇంటి కోసమూ, ఊరి కోసమూ వాడుతూనే ఉన్నాను. ఇన్నాళ్ళకూ నాలో తగ్గని కోపం ఒక్కటే ఉంది. సీసాతో వచ్చే చీటీ మీద ‘గది ఉష్ణోగ్రతలో 24 గంటలు ఉంచవలెను’ అని ఉంటుంది. ఆ గది ఎవరిదో, ఏ నెలలోదో ఆ చీటీ రాసినవారు చెప్పలేదు.

మాది కోనసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న శివారు ఊరు. బోరు వేస్తే ఉప్పునీరు పడుతుంది కాబట్టి ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నీటితోనే మంచినీళ్ళ చెరువు నింపుకొని, ఇసుక ఫిల్టరు దాటించి, ట్యాంకుకు ఎక్కించి, కుళాయిల్లో పట్టుకుంటాము. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు చెరువు అడుగున మిగిలిన పచ్చనీరు, వానలు పడ్డాక వచ్చే ఎర్రనీరు మాకు అలవాటే. మా అత్తయ్యగారు కాపురానికి వచ్చిన కొత్తలో ఇండుపగింజ అరగదీసి బిందె లోపల పూసేవారట. తరువాత పటిక వచ్చింది. అందువల్ల మా ఊళ్ళో నీళ్ళు తేరుకోవడమంటే శుభ్రపడటమేనన్న నమ్మకం గట్టిది. అద్దంలా తేరిన బిందె నీళ్ళను సీసాలో పోసి, మర్నాటికి సిరాలా నల్లబడినప్పుడు తెచ్చి చూపిస్తే, ఎన్ని సమావేశాలు పెట్టినా కదలనివారు నీళ్ళు కాచుకోవడం మొదలుపెట్టారు. ఈ ఒక్క గుణానికే దీనిని మొదటి రెండేళ్ళు నేను ఎక్కడపడితే అక్కడ పొగిడాను.

ఆ పొగడ్తలో న్యాయం లేకపోలేదు. ప్రయోగశాలకు నీళ్ళు పంపాలంటే శుద్ధి చేసిన సీసాలో పట్టి, మంచు పెట్టెలో పెట్టి, వీలైతే 6 గంటలలోపు, ఎంత ఆలస్యమైనా 24 గంటలు దాటకుండా పరీక్షకు అందించాలి. గోదావరి పాయ మీద పంటు కోసం కాచుకునే లంక ఊళ్ళవారికి ఇది ఎంత పనో చెప్పనక్కరలేదు. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థకు చెందిన మంజా, మౌర్య, రావు అనే ముగ్గురు 1982లో ఈ పద్ధతిని ప్రకటించినది కూడా ప్రయోగశాల అందుబాటులో లేనిచోట వాడుకోవడానికే. మలంతో పాటు నీటిలో చేరే బాక్టీరియాలో చాలా రకాలు గంధక సమ్మేళనాల నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును పుట్టిస్తాయి; సీసా పేరులోని హెచ్‌2ఎస్ అదే. అది సీసాలోని ఇనుముతో కలిసి నల్లని మడ్డి అవుతుంది. అయితే బాక్టీరియా పెరిగితేనే ఆ వాయువు పుడుతుంది, వెచ్చదనం ఉంటేనే అవి త్వరగా పెరుగుతాయి. నా కథంతా ఈ వెచ్చదనం దగ్గరే అడ్డం తిరిగింది.

2024 సంక్రాంతికి మా ఆడపడుచులూ, వాళ్ళ పిల్లలూ వస్తున్నారని, భోగికి మూడు రోజుల ముందు సాయంత్రం కుళాయి నీళ్ళు సీసాలో పోసి వంటింటి ఉత్తరపు గోడ అలమరలో పెట్టాను. మర్నాడు అదే వేళకు తీసి దీపం ముందు పట్టి చూశాను. నీళ్ళు పోసినప్పటి లేత పసుపు రంగే తప్ప నలుపు ఛాయైనా లేదు. చీటీలోని 24 గంటలు నిమిషం తక్కువ కాకుండా పూర్తయ్యాయి కాబట్టి, నీళ్ళు బాగున్నాయని పుస్తకంలో రాసుకోవడమే కాకుండా, మా వీధిలో ఇల్లిల్లూ తిరిగి పండగ హడావిడిలో గ్యాసు ఖర్చుపెట్టి నీళ్ళు కాచనక్కరలేదని చెప్పి వచ్చాను. అడిగినవారికే కాదు, అడగనివారికి కూడా చెప్పాను. అరిసెల పాకం పొయ్యి మీద ఉండటంతో సీసాను పారబోయడం మరచిపోయి తిరిగి అలమరలోనే పెట్టాను.

భోగి నాడు తెల్లవారుజామున పిల్లలు మంట దగ్గర ఉండగా మా అత్తయ్యగారు పసుపు డబ్బా కోసం అలమర తీసి, “అమ్మాయ్, నీ సీసా బొగ్గులా ఉందే!” అన్నారు. ఆ సీసాను చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు ముందు కలిగినది భయం కాదు, సిగ్గు. ఆ నీళ్ళనే రెండు రోజులుగా ఇంట్లో పన్నెండుమందిమి తాగాము; నా మాట మీద వీధి వీధంతా తాగింది. కనుమ నాటికి మా ఇంట్లో ఇద్దరు పిల్లలకు విరేచనాలయ్యాయి. అది నీళ్ళ వల్లో, లెక్క లేకుండా తిన్న పిండివంటల వల్లో తేల్చగలిగినవారు ఎవరూ లేరు, నేనూ తేల్చలేదు. కాని పండగ బట్టలతోనే మళ్ళీ ఇల్లిల్లూ తిరిగి, నీళ్ళు కాచుకోండని చెప్పవలసి వచ్చింది. ఎదురింటి వదినగారు నవ్వుతూనే, “మొన్న వద్దన్నావుగా, ఈవేళ కాచమంటున్నావు, రేపేమంటావు?” అన్నారు. ఆమె అడిగినదానిలో తప్పేమీ లేదు.

తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవడానికి పండగ వెళ్ళాక ఒకే కుళాయి నీటిని రెండు సీసాల్లో పోశాను. ఒకటి అలమరలో పెట్టాను. రెండోదాన్ని థర్మాకోల్ పెట్టెలో ఉంచి, పెట్టెను మా పెరట్లో పాలు కాగే దాలికి మూరెడు దూరంలో పెట్టి, లోపల జ్వరం చూసే థర్మామీటరు కాకుండా గోడకు తగిలించే రకం పెట్టాను. దాలి పక్క పెట్టెలో 33, 35 డిగ్రీల మధ్య నిలిచింది. సీసా 20 గంటలకు నల్లబడింది. అలమరలో రాత్రి 20 డిగ్రీలకు దిగింది. అక్కడి సీసా నల్లబడటానికి 41 గంటలు పట్టింది. అదే అలమరలో మే నెలలో పెట్టిన సీసా 14 గంటలకే నల్లబడింది. మొదటి రెండు శీతకాలాల్లో నేను బాగున్నాయని రాసుకున్న ఫలితాలలో ఎన్ని నిజమో ఇప్పుడు చెప్పే దారి లేదు. ఆ పేజీలు తిప్పడం నాకిష్టం ఉండదు.

ఇంతకూ చీటీలో చేర్చవలసినది ఒక్క వాక్యం: చలికాలంలో 48 గంటలు చూడండి, లేదా 30 నుంచి 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచండి అని. పెట్టె లేనివారు సీసాను గుడ్డలో చుట్టి ఒంటికి కట్టుకొని పడుకున్నా పని జరుగుతుంది. నేను ఒక రాత్రి చీర కుచ్చెళ్ళలో దోపుకొని పడుకున్నాను గాని, మూత వదులైతే ఏమవుతుందోనన్న దిగులుతో నాకే నిద్ర పట్టలేదు.

మొదట్లో నేను చేసిన పొగడ్తలో మరికొంత కూడా ఇప్పుడు తగ్గించుకోవాలి. నలుపు కనిపిస్తే మలం కలిసినట్టేనని చెప్పేదాన్ని. 2022 జూలై వరద తీశాక మునిగిన బోరింగులన్నీ పరీక్షిస్తూ, సముద్రం వైపున్న ఒక బోరింగు నీళ్ళు పోస్తే గంటలోపే నల్లబడ్డాయి. అంత త్వరగా బాక్టీరియా పెరగదు. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసే ఆ నీటిలో ముందే ఉన్న సల్ఫైడే ఇనుముతో కలిసింది. ఆ సంగతి తెలియక, తాగవద్దని ఆ బోరింగుకు ఎర్రరంగు వేయించి, తరువాత మాట పడ్డాను. పైగా సీసాలో పట్టేది 20 మిల్లీలీటర్లు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్లలో మలం ద్వారా చేరే ఈ.కోలి అనే బాక్టీరియా కనిపించకూడదు. కాబట్టి ముఖ్యమైనప్పుడు ఐదు సీసాలు పెడితే గాని ఆ లెక్కకు సరిపోదు. పైగా ఈ.కోలి సాధారణంగా ఈ వాయువును పుట్టించదు. సీసా పట్టుకునేది దానితో కలిసి తిరిగే సిట్రోబాక్టర్ వంటి వేరే బాక్టీరియాను. నల్లబడనంత మాత్రాన కామెర్లు తెచ్చే వైరస్‌లు లేవని అనుకోవడానికీ లేదు, రొయ్యల చెరువుల నుంచి కాలువలోకి దిగే మందుల గురించి ఇది ఏమీ చెప్పదు.

నల్లబడిన సీసాను సింకులో కడగవద్దు. అందులో ఉన్నది మనమే పెంచిన సూక్ష్మజీవుల పంట. బ్లీచింగు పొడి కలిపిన నీళ్ళు పోసి కొన్ని గంటలు వదిలేసి, నూతికి దూరంగా పాతిపెడతాను. ఈ విషయంలో మా అత్తయ్యగారి మాట నెగ్గి, సీసాలు వంటింటి అలమర విడిచి పశువుల పాకకు చేరాయి. దాలి కూడా అక్కడే ఉంది కాబట్టి నాకూ మేలే అయింది.

సీసాలు మాకు ఉచితంగా అందుతున్నాయి, ఇంట్లో ఏడాదిన్నర మనవడున్నాడు, ప్రయోగశాల దూరం. ఈ మూడింటి వల్ల నేను దీనిని వదలను. పట్నంలో ఉండి, అరగంటలో నమూనా అందించగలిగినవారు నా మాట విని దీని మీదే ఆధారపడనక్కరలేదు. వాళ్ళు ఏడాదికి రెండుసార్లు ప్రయోగశాలకు వెళ్ళడమే మేలనిపిస్తుంది. నేను మాత్రం కార్తికం నుంచి మాఘం దాకా 48 గంటలు పూర్తి కానిదే పుస్తకంలో ఏమీ రాయడం లేదు, ఎదురింటి వదినగారికి అసలు చెప్పడం లేదు. ఆవిడ ఇప్పుడు ఏ కాలమైనా నీళ్ళు కాచుకునే తాగుతున్నారు.