త్రీ నాట్ త్రీనా, త్రీ వన్ ఫైవా: అడవిపందికి ఏ తూటా మేలు?

రైఫిల్ అనగానే మనవాళ్ల నోటికి వచ్చే పేరు త్రీ నాట్ త్రీ (.303 బోరు, అంటే అంగుళాల్లో గొట్టం లోపలి కొలత). పోలీస్ స్టేషన్ సెంట్రీ దగ్గర, ఎన్‌సీసీ పరేడ్‌లో తరాలుగా చూసిన తుపాకీ అది. లైసెన్స్ ఉన్నవాళ్లు కొనేది మాత్రం త్రీ వన్ ఫైవ్ (.315). అసలు సరుకు దొరక్క కొనే నాసిరకం అని దాన్ని తీసిపారేస్తుంటారు. అందులో న్యాయం సగమే.

మార్కెట్‌లోకి ఈ తూటా ఎలా వచ్చిందో చూస్తే నవ్వొస్తుంది. సైన్యం వాడే తూటా జనం తుపాకీలో పట్టకూడదని బ్రిటిష్ ప్రభుత్వం పట్టుపట్టింది. దొంగిలించిన తూటాలు తిరుగుబాటుదారుల చేతికి వెళ్తాయని భయం. దాంతో బర్మింగ్‌హామ్‌లోని బీఎస్ఏ కంపెనీ త్రీ నాట్ త్రీ లాంటి లీ తరహా రైఫిల్‌నే ఆస్ట్రియా సైన్యం వాడిన 8 మి.మీ. మాన్‌లిఖర్ తూటాకు సరిపడేలా చేసి ఇక్కడ అమ్మింది. ఆ తూటాయే మన త్రీ వన్ ఫైవ్. తమ సైన్యం తూటా వద్దని ఇంకో సైన్యం తూటా తెచ్చారన్నమాట! స్వాతంత్య్రం వచ్చాక బెంగాల్‌లోని ఇషాపూర్ ప్రభుత్వ రైఫిల్ ఫ్యాక్టరీ కూడా ఆ దారినే పోయింది.

ఇక బలం సంగతి. త్రీ నాట్ త్రీలో 1910 నాటి మార్క్ 7 తూటా 11.3 గ్రాముల మొనదేలిన బుల్లెట్‌ను సెకనుకు 744 మీటర్ల వేగంతో పంపుతుంది. పాత మాన్‌లిఖర్‌ది 15.8 గ్రాముల గుండ్రని మొన బుల్లెట్, వేగం సుమారు 620 మీటర్లు. లెక్క కడితే రెండింటి శక్తీ 3,000 జౌళ్లకు కాస్త పైనే. తేడా అంతా దూరంలో ఉంది. నెమ్మదిగా వెళ్లే మాన్‌లిఖర్ బుల్లెట్ అదే దూరానికి ఎక్కువ కిందికి దిగుతుంది, 200 మీటర్ల దగ్గర గురి అంచనా తప్పడం తేలిక. కానీ చేను గట్టున రాత్రిపూట టార్చిలైటు వెలుగులో అంత దూరం ఎవరు కాలుస్తారు? 50, 60 మీటర్లలో పందికి ఈ తేడా తెలియదు.

నన్నడిగితే నంబరు కన్నా బుల్లెట్ తయారీ ముఖ్యం. పూర్తిగా లోహపు తొడుగు ఉన్న సైనిక బుల్లెట్ వేటకు పనికిరాదు. చాలాసార్లు జంతువులోంచి దూసుకెళ్లి అవతల ఎవరికి తగులుతుందో చెప్పలేం, గాయపడిన పంది మాత్రం పొదల్లోకి పారిపోతుంది. వేటకు కావాల్సింది మొన దగ్గర సీసం బయటికి కనిపించే సాఫ్ట్ నోస్. తగలగానే విచ్చుకుని అక్కడే ఆగే అవకాశం ఎక్కువ. ఇలాంటి బుల్లెట్‌కు లోకమంతా తెలిసిన పేరు కలకత్తా పక్కనున్న డమ్‌డమ్ ఆయుధశాల వల్లే వచ్చింది. 1890లలో త్రీ నాట్ త్రీ కోసమే అక్కడ దాన్ని తయారుచేశారు. విచ్చుకునే బుల్లెట్లను యుద్ధంలో వాడొద్దని 1899లో హేగ్ సదస్సు తీర్మానించింది. వేటలో మాత్రం అవే మేలు, జంతువుకు బాధ తక్కువ.

డబ్బుంటే థర్టీ నాట్ సిక్స్ ఈ రెండింటికన్నా మెరుగు. 1906 నాటి అమెరికా సైన్యం తూటా అది, వేగం ఎక్కువ, బుల్లెట్లలో రకాలూ ఎక్కువే.

తూటాగా చూస్తే నా ఓటు త్రీ నాట్ త్రీకే. అయితే మన చట్టంలో అది నిషేధిత బోరు, మామూలు లైసెన్స్‌పై రాదు. కాబట్టి పందికి త్రీ వన్ ఫైవే, అదీ అటవీశాఖ నిబంధనల ప్రకారం అనుమతి చేతికొచ్చాకే. 75 మీటర్లకు గురి సరిచేసుకోండి, 120 దాటితే కాల్చకండి.